‘ఊసు’లో చివరి ఇరవై నిమిషాలు

"సాయంత్రం అయిదింటికి ‘ఊసు’ మూత. ఈలోగా డేటా బయటికి పోతుంది. ఆపాలి," అన్నాడు చీఫ్ విశ్వేశ్వరరావు. కొండాపూర్‌లో టిఫిన్ సెంటర్ ముందు ఆగిన కారులో బ్రీఫింగ్.

"ఎవరికి సార్?" అడిగాడు ఏజెంట్ జాషువా.

"విదేశీ ముఠాకి. వాళ్లకు కావలసింది ఒక్క ఫోన్ నంబరు."

అది ఎవరిదో జాషువాకి తెలుసు. ఆ నంబరు గ్రేస్‌ది. సముద్రం అవతల రేవు పట్టణంలో నర్సు. మారుపేరుతో ‘ఊసు’లో వంటలు రాస్తుంది. రొయ్యల ఇగురు అని రాసిందంటే ఆయుధాల ఓడ బయల్దేరినట్టు. ఆమెను ఈ పనిలోకి దింపింది జాషువాయే. నంబరు దొరికితే ఆమె రేపటి పొద్దు చూడదు.

"లోపల డేటా హెడ్ యశస్విని మన మనిషే. కోడ్ ‘ఉలవచారు’," అన్నాడు చీఫ్.

పదకొండు భాషల్లో నాలుగు ముక్కలు రాసుకునే చిన్న యాప్ ‘ఊసు’. లాక్‌డౌన్‌లో పుట్టింది. మంత్రులు, పాస్టర్లు, పూజారులు ఎగబడి చేరారు. హైటెక్ సిటీలో మూడంతస్తుల ఆఫీసు వెలిసింది. మోజు తీరాక జనం పాత గూటికే చేరారు. కొంటామన్న కంపెనీ మొహం చాటేసింది. మూడంతస్తులు ఒకటయ్యాయి. రెండేళ్లుగా మోడరేటర్ వేషం వేసిన జాషువాకి, అది మూతపడుతుంటే నిజంగానే బాధేసింది.

నాలుగూ నలభై. బేస్‌మెంట్‌లో సర్వర్ రూమ్, తలుపు తీసే ఉంది. టస్సర్ చీరలో మెరిసిపోతున్న యశస్విని హార్డ్ డిస్క్‌ని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంటోంది.

"ఉలవచారు," అన్నాడు జాషువా.

"చల్లారిపోయింది జాషువా గారూ," అని నవ్వి, చకచకా బయటికి నడిచి తలుపు లాగేసింది.

కార్డు పెట్టాడు. ఎర్ర లైటు. లీవు అడిగితే వారం తిప్పే హెచ్.ఆర్., ఆఖరి రోజు కార్డు మాత్రం నాలుగున్నరకే ఠంచనుగా ఆపేసింది. ఆఫీసర్లకే అయిదు దాకా. వాచీలో ట్రాన్స్‌మిటర్ ఉంది గానీ నేలమాళిగలో సిగ్నల్ లేదు. ఏసీ ఆపేశారు. తలుపుని గుద్ది గుద్ది భుజం వాచింది. తన ఊపిరి సంగతి కన్నా గ్రేస్ సంగతే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

గోడకి ఇంటర్‌కమ్ ఉంది. అది నేరుగా గేటు దగ్గరికే.

"ఎల్లయ్యా, తలుపు తియ్యి!"

"మీ పేరు లిస్టుల లేదు సారూ. హెచ్చార్ చెప్తెనే తియ్యాలె. జర ఆగుండ్రి," అన్నాడు సెక్యూరిటీ గార్డు ఎల్లయ్య.

పాత కీబోర్డుకి గేట్ పాస్ లేదని, కంపెనీ పెట్టిన ఓనర్నే అరగంట నిలబెట్టిన మనిషి. బతిమాలి లాభం లేదు. జాషువా దారి మార్చాడు.

"సరే, తియ్యకు. యశస్విని మేడం బ్యాగులో ఆఫీసు హార్డ్ డిస్క్ ఉంది. గేట్ పాస్ ఉందేమో చూడు. ఇంకో మాట, నేను చెప్పే నంబరుకి ఫోన్ చెయ్యి."

"పాస్ లేకుంటనా? గట్లెట్ల పోతది!"

చీఫ్ నంబరు రాసుకుని, రిసీవర్ని బల్ల మీద పడేసి వెళ్లాడు ఎల్లయ్య. ఇక జాషువాకి వినడమే మిగిలింది.

"ఫ్లైట్ టైమైంది. గేటు తియ్యి."

"బ్యాగు చూపియ్యుండ్రి మేడం."

"నేనెవరో తెలుసా?"

"తెలుసు మేడం. పాస్ లేదు."

ఇంజిన్ ఒక్కసారిగా గర్జించింది. ఏదో ఫెళ్లున విరిగింది. ఎల్లయ్య కేక. ఆ తర్వాత చప్పుడు లేదు. వాచీలో నాలుగూ యాభై తొమ్మిది. జాషువా మోకాళ్ల మీద కూలబడి, గ్రేస్ పేరు చెప్పి ప్రార్థన చేశాడు.

తలుపు తెరుచుకుంది. ఎదురుగా ఓ చేతిలో డిస్క్, ఇంకో చేతిలో యశస్విని కార్డుతో విశ్వేశ్వరరావు.

"కారు గేటుకి గుద్దుకుని ఆగిపోయింది. ఆమె మన వ్యానులో ఉంది. గ్రేస్ క్షేమం."

జాషువా సిగ్గు లేకుండా ఏడ్చేశాడు.

ఇద్దరూ పైకి వచ్చేసరికి, మోచేతికి కట్టుతో ఎల్లయ్య అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరైతే ఏంది సార్? డిస్క్ పోవాలంటే పాస్ రాయాలె."

ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ కాగితం మీదా అసలు పేరు రాయని చీఫ్, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అసలు పేరూ, ఇంటి అడ్రసూ రాసి, ఆధార్ జిరాక్స్ జతచేశాడు.