వేటబంగళాకు యజమాని వచ్చిన రాత్రి

కొల్లేటి మీద బతికేవాళ్ళు పామంటే భయపడరు, తుఫానంటే భయపడరు. వేటబంగళా పేరెత్తితే మాత్రం తెడ్డు చేతిలోంచి జారిపోయేది!

ఆకివీడు నుంచి దోనె మీద పోతుంటే కిక్కిస గడ్డి దుబ్బుల నడుమ ఉండేది ఆ రెండంతస్తుల బంగళా. సుబ్బరాజుగారని ఒక ఆసామి బాతుల వేట కోసం కట్టించాడు. ఆయన ఒక్క గుండు పేలిస్తే పదిహేడు బాతులు రాలిపోయేవట. పద్దెనిమిదోది సిగ్గుపడి తనంతట తానే వచ్చి పడేదట. అంతటి మొనగాడు ఒక కార్తీకమాసం రాత్రి దోనె తిరగబడి మునిగిపోయాడు. శవం దొరకలేదు.

అప్పటినుంచీ రాత్రిళ్ళు ఆ మేడ మీద దీపం కదులుతుంది… తడికాళ్ళతో ఎవరో మెట్లెక్కుతారు… టప్… టప్… అని.

పొద్దుగూకితే ఆ చాయలకు నీటికాకి కూడా పోయేది కాదు.

అలాంటి బంగళాను చెయ్యెత్తి చూపించి, "అదేనండీ నా మేడ!" అన్నాడు పోలయ్య.

అన్నది ఎవరితోననుకున్నారు? రంగూన్ నుంచి స్టీమరెక్కి, రైలెక్కి, ఆ పొద్దున్నే ఆకివీడు స్టేషన్లో దిగిన మావగారితో!

ఈ అబద్ధం ఆనాటిది కాదు. రంగూన్ బియ్యం మిల్లులో పోలయ్య రెండు బస్తాలు రెండు చంకల్లో ఇరికించుకుని, మూడోది పళ్ళతో కరుచుకుని నడిచేవాడని చెప్పుకునేవారు. చెప్పుకున్నది అతనేలెండి. మిల్లు గేటు దగ్గర ఊ ఫో అనే బర్మా ఆయనకు టీ కొట్టుండేది. మన కూలీలకు టీ పోసీ పోసీ ఆయనకు తెలుగు వంటబట్టింది. ఆయన కూతురి పేరు మా తాన్. ఆ పిల్లను చేసుకుంటానని పోలయ్య వెళ్ళి నిలబడితే ఆయన ఒక్కటే అడిగాడు.

"మీ దేశంలో నీకేముంది?"

"కొల్లేటి నడుమ రెండంతస్తుల మేడ ఉందండీ."

"ఉంటే సరే. లేదని తెలిస్తే… నేనే వచ్చి పిల్లను తీసుకుపోతాను."

రంగూన్లో మనవాళ్ళ మీద కొట్లాటలు రేగిన ఏడు పోలయ్య పెళ్ళాన్ని వెంటబెట్టుకుని కొల్లేటి లంకకు వచ్చేశాడు. ఉన్నది కిక్కిస గుడిసె. వంగితేగాని లోపలికి పోనివ్వని గుమ్మం. మా తాన్ చూసింది. వంగింది. లోపలికి వెళ్ళి పొయ్యి రాజేసింది. ఒక్క మాట అంటే ఒట్టు! లంకలో వాళ్ళు లక్ష్మమ్మ అని పేరు పెడితే లక్ష్మమ్మయింది. చీర కట్టడం నేర్చింది, మాట చివర అండీ తగిలించడం నేర్చింది. తిట్టి ఉంటే పోలయ్య ఎప్పుడో మర్చిపోయేవాడు. తిట్టలేదే! ఆ గుమ్మం ముందు ఆమె వంగినప్పుడల్లా అతని తల మరి కాస్త వంగేది.

ఐదేళ్ళకు కబురొచ్చింది. మావగారు కూతుర్నీ, కూతురున్న దేశాన్నీ చూడ్డానికి వస్తున్నారని.

"నిజం చెప్పెయ్యరాదటండీ?" అంది లక్ష్మమ్మ.

"చెబితే నిన్ను లాక్కుపోతాడే! ఆయన సంగతి నీకు తెలీదు."

"మా నాన్న సంగతి నాకు తెలీదూ!"

మావగారు దిగిన ఆ పూటంతా దోనె మీద దేశం చూపించారు. గూడబాతుల గుంపులు చూపించారు. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి దగ్గర ఆగితే ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని దణ్ణం పెట్టాడు. "ఇక్కడి అమ్మవారు పిలిస్తే పలుకుతుంది నాన్నా, మన బర్మా దేవతలు నాట్‌ల మాదిరే" అంది లక్ష్మమ్మ. వలలు, చేపలు పట్టే మాటులు, ఉప్పుటేరు వైపు పోయే చేపల పడవలు, ఒక్కొక్కటే ఆమె చెబుతుంటే, పక్కనుంచి పోలయ్య ప్రతిదానికీ ఒక మూర కలుపుతున్నాడు.

"ఈ నీళ్ళలో మలుగుపాములు తాటిమానంత ఉంటాయండీ. ఒకదాన్ని పొరపాటున దుంగనుకుని కూర్చుంటే గుడివాడ దాకా తీసుకుపోయింది."

"టిక్కెట్టు అడగలేదా?" అన్నాడు మావగారు.

లక్ష్మమ్మ మొహం చీర చెంగులో దాచుకుంది.

పోలయ్య ఎత్తు ఏమిటంటే, మేడను దూరం నుంచి చూపించి, కప్పు బాగుచేయిస్తున్నామని చెప్పి, రాత్రికి ఆకివీడు సత్రంలో పడుకోబెట్టాలని. ఆ మాట అనగానే ముసలాయన పెట్టెలోంచి ఎర్రగుడ్డ చుట్టిన కొబ్బరికాయ తీశాడు.

"మేడ ఉండగా సత్రమెందుకు అల్లుడూ? ఇది ఇల్లు కాచే దేవుడికి. గుంజకు కట్టాలి. కట్టి, ఇంటి యజమాని పైకి మూడుసార్లు చెప్పాలి, ఇది నా ఇల్లని. మా ఇంటి ఆచారం."

"అబద్ధం చెబితే…?" నోరు జారాడు పోలయ్య.

"ఇంటి అసలు యజమాని వస్తాడు."

పోలయ్య పెళ్ళాం వంక చూశాడు. ఆమె నీళ్ళ వంక చూసింది.

"మీరిద్దరూ పదండి. నేను అన్నం వండి ఉంచుతాను" అని దారిలో ఎదురైన పక్కింటివాళ్ళ దోనెలోకి దిగిపోయింది.

బంగళా చేరేసరికి చీకటి పడింది. తలుపు తోస్తే… తెరుచుకుంది. తాళం లేదు. లాంతరు వెలుగులో మెట్లు పైకి పోతున్నాయి. ఒక్కో మెట్టు ఎక్కుతుంటే వెనకాల ఇంకో మెట్టు మూలుగుతోంది. పైగదిలోకి అడుగుపెట్టగానే గుప్పున కొట్టింది… నీచు కంపు! మనిషి కుళ్ళితే ఇలాగే ఉంటుందా?

మావగారు మాత్రం గుండెల నిండా పీల్చాడు. "ఆహా. మా రంగూన్ వంటిల్లు!"

గుంజకు కొబ్బరికాయ కట్టారు. బయట కిక్కిస గలగలమంది… ఆగింది.

"చెప్పు అల్లుడూ. గట్టిగా."

పోలయ్య గుంజ పట్టుకున్నాడు. "ఇది… నా ఇల్లు."

కింద ఎక్కడో నీళ్ళు కదిలాయి.

"మళ్ళీ."

"ఇది నా ఇల్లు. యజమానిని వచ్చాను."

టప్…

మొదటి మెట్టు మీద. తడికాలు.

ముసలాయన కదల్లేదు. లాంతరు పక్కన బాసింపట్టు వేసుకుని అల్లుడి మొహంలోకే చూస్తున్నాడు.

టప్… టప్…

"మూడోసారి" అని గుసగుసలాడాడు.

ఆపేస్తే పెళ్ళాం పోతుంది. ఆ మాట అనేస్తే ప్రాణం పోతుంది. పోలయ్య కళ్ళు మూసుకుని, ఊపిరంతా బిగబట్టి అరిచాడు. ఆ కేక కొల్లేరు దాటి ఏలూరు లాకుల దాకా వినిపించిందంటారు!

"ఇది నా ఇల్లే!"

టప్ టప్ టప్ టప్… అడుగులు పరుగెత్తుకుంటూ పైకి వచ్చాయి. తలుపు విసురుగా తెరుచుకుంది. తెల్లటి ఆకారం… జుట్టంతా తెలుపు, మోకాళ్ళ దాకా బురద… రెండు చేతులూ చాచి ముందుకొచ్చి…

దబ్బున పోలయ్య కాళ్ళ మీద పడింది!

"సుబ్బరాజుగారండీ! చంపకండి బాబూ! మీ ఇల్లేనండీ, ముమ్మాటికీ మీ ఇల్లే!"

పోలయ్య వంగి చూశాడు. కాళ్ళు పట్టుకున్న చేతులు వెచ్చగా ఉన్నాయి.

"నేనండీ, మీ కావలి ముసలయ్యని. తమరు పోయాక జీతమిచ్చే దిక్కు లేక… ఈ మేడ మీద ఎండుచేపలు ఆరేసుకుంటున్నానండీ. కొల్లేరు పొంగితే పొడినేల ఇదొక్కటే కదండీ. దొంగలు రాకుండా దెయ్యం ఉందని పుట్టించింది నేనే… దీపం తిప్పిందీ నేనే… తమరు నిజంగానే వస్తారనుకోలేదు బాబూ…"



చూశారా తమాషా! పోలయ్యకు ఇంతకంటే గొప్ప సాక్ష్యం ఎవడిస్తాడు? కావలివాడు కాళ్ళు పట్టుకుని మీ ఇల్లే, మీ ఇల్లే అంటున్నాడు. 'సరేలే లేవరా' అంటే చాలు. మేడా అతనిదే, పెళ్ళామూ అతనిదే.

నోరు తెరిచాడు. తన కాళ్ళ మీద పడి ఏడుస్తున్న నెరిసిన తల కనిపించింది. తండ్రి వయసువాడు. గుడిసె గుమ్మం ముందు వంగే మరో తల గుర్తొచ్చింది. ఐదేళ్ళుగా, పూటకు పదిసార్లు.

"లేవయ్యా, ముసలయ్యా" అన్నాడు. "నేను రాజునీ కాదు, దెయ్యాన్నీ కాదు. వడ్డిగూడెం పోలయ్యని. ఈ ఇల్లు నాది కాదు." తర్వాత మాట మావగారి మొహం చూసి అనలేక, గోడకు చెప్పాడు. "నాకు మేడ లేదండీ. ఎప్పుడూ లేదు. ఉన్నది గుడిసె. మీ అమ్మాయిని దాంట్లో పెట్టానండీ."

మావగారు లేచాడు. కింద పరుచుకున్న పక్కబట్ట చుట్టుకున్నాడు. "దోనె తియ్యి" అన్నాడు, అంతే.

బస్తాలు పళ్ళతో మోసిన పోలయ్యకు ఆ రాత్రి తెడ్డు బరువైంది. పొద్దున్నే ఈ దోనె మీదే ఆమెను స్టేషన్‌కు దించాలి కాబోలు అనుకున్నాడు.

లంక దగ్గరపడ్డాక మావగారు గొంతు సవరించుకున్నాడు.

"ఆ ముసలివాడు నీ కాళ్ళ మీద పడ్డప్పుడు నువ్వు ఊరుకుని ఉంటే, తెల్లారి పిల్లను తీసుకుపోయేవాణ్ణి."

"అంటే… మీకు ముందే…"

"గుడిసె అని వచ్చిన నెలకే రాసింది. కప్పు కారుతుందనీ రాసింది. నీ కోతల చాటున దాక్కుంటావు గానీ మనిషివి మంచివాడివనీ రాసింది. మొదటి రెండూ నమ్మాను. మూడోది చూసుకుందామని వచ్చాను."

దోనె ఒడ్డు తాకింది. ముసలాయన నడుం వంచి, గుమ్మంలోకి చులాగ్గా దూరిపోయాడు. లోపల తండ్రీ కూతుళ్ళు బర్మా మాటల్లో ఏదో అనుకున్నారు. కంచం చప్పుడైంది.

ఐదేళ్ళు! మీ నాన్న ఇంకా మేడ ఉందనే నమ్ముతున్నాడని ఆమె ముందు తాను కోసిన ప్రతి కోతా, ఆ ఉత్తరం పోస్టు చేసి వచ్చిన చేతులతోనే అన్నం వడ్డిస్తూ విందన్నమాట!

పోలయ్య దోనెలోనే కూర్చుండిపోయాడు. దెయ్యాల బంగళాలోకి వెళ్ళినవాడికి సొంత గుమ్మంలోకి కాలు రాలేదు. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. కదల్లేదు.

చాలాసేపటికి తడిక పక్కకు జరిగింది. దీపం పట్టుకుని లక్ష్మమ్మ తల బయటపెట్టింది.

"ఏవండీ… లోపల దెయ్యాలేం లేవు లెండి. అన్నం చల్లారిపోతోంది, రండి."