ఓవో గుట్ట మీది పన్ను

మేకలు ఎర్ర లోయలోకి దిగాయి. వాటి వెనకే పదేళ్ల ఓద్గెరెల్ దిగింది. మిట్టమధ్యాహ్నం. గాలి లేదు.

ఇసుకలోంచి ఒక లావు ఎముక తేలి ఉంది. దాంట్లో నల్లగా ఏదో దిగబడి ఉంది. మేకల గిట్టలు చెక్కే కత్తితో ఓద్గెరెల్ దాన్ని పెకలించింది.

పన్ను! ఆమె అరచేతికంటే పొడవుంది. అంచు రంపంలా గరగరలాడింది.

దుల్మా అక్క గుర్తొచ్చింది. ఆమె పట్నం నుంచి వచ్చి ఎముకలు తవ్వుతోంది. పోయిన వారం బడిలో రాకాసి బల్లి గురించి చెప్పింది.

"మూడు ఒంటెల్ని వరసగా నిలబెట్టినంత పొడవు. రెండు కాళ్ల మీద నడిచేది. చేతులు మాత్రం బుల్లివి, ముక్కు కూడా గోక్కోలేదు! కానీ వాసన పట్టిందంటే వదిలేది కాదు. మాంసం, ఎముకా కలిపి కొరికేది."

పిల్లలంతా నవ్వారు. చివర్లో ఆమె ఇంకేదో చెప్పింది. అదే ఓద్గెరెల్‌కి గుర్తు రాలేదు.

పన్నుని అంగీ మడతలో, గుండెకి ఆనించి దాచుకుంది.

అప్పుడే లోయ చివర ఒక శబ్దం. హూ...మ్. పెద్ద ముక్కుతో ఎవరో ఊపిరి పీల్చినట్టు. మేకలు తలలెత్తాయి. మళ్లీ అదే శబ్దం. ఈసారి దగ్గరగా.

వాసన పట్టింది. పన్ను కోసం వస్తోంది!

మేకల్ని అదిలించుకుంటూ పరుగెత్తింది. గట్టు మీద ఓవో గుట్ట ఉంది. దారినపోయే వాళ్లంతా తలో రాయి వేసి మొక్కే గుట్ట. పన్నుని ఆ రాళ్ల మధ్య పెట్టి, మూడుసార్లు చుట్టూ తిరిగింది.

"ఇచ్చేశాను. నా వెంట రాకు."

గుడారానికి వచ్చేసరికి దుల్మా అక్క అవ్వ పక్కన కూర్చుని ఉప్పు టీ తాగుతోంది.

"అన్నీ కొరికి వదిలేసిన ఎముకలేనవ్వా. కొరికినవాడి జాడే లేదు. ఎముకలో దిగిన పన్ను ఒక్కటి దొరికితే చాలు, ఎవర్ని ఎవరు తిన్నారో తెలిసేది. సాయంత్రానికి ఇసుకగాలట. అంతా పూడిపోతుంది. రేపు వెళ్లిపోతున్నాం. పిల్లలకి కూడా చెప్పాను, ఎముక కనిపిస్తే ముట్టుకోకండి, పక్కన రాయి పెట్టి నన్ను పిలవండని."

ఓద్గెరెల్ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏమే, దయ్యం గానీ కనిపించిందా?" అంది అవ్వ.

ఓద్గెరెల్ ఏడుస్తూ అంతా చెప్పేసింది. దుల్మా అక్క చటుక్కున లేచింది. "ఓవో మీదా?" అని మళ్లీ కూలబడింది. ఓవోకి ఇచ్చింది ఎవరూ వెనక్కి తియ్యరు.

అవ్వ టీ గిన్నె కింద పెట్టింది.

"ఇచ్చింది తియ్యకూడదు, నిజమే. కానీ నీది కానిది నువ్వెట్లా ఇచ్చావే?"

పాలచెంబు పట్టుకుని ముందు నడిచింది.

గుట్ట దగ్గర ఆకాశంలోకి పాలు చిలకరించి, "పెట్టిన చెయ్యే తియ్యాలి" అంది. ఓద్గెరెల్ పన్ను తీసింది.

లోయలో మళ్లీ ఆ శబ్దం. హూ...మ్.

"అక్కా, అదే!"

"గాలే తల్లీ. మనకి తగలకపోయినా రాళ్ల సందుల్లో దూరితే అట్లాగే అరుస్తుంది. రాకాసి బల్లికి ఒక పన్ను ఊడితే ఇంకోటి మొలిచేది. ఊడినదాని కోసం అది రాలేదులే. వచ్చింది నేనే."

అయినా భయం పోలేదు. కానీ ఆ చోటు తెలిసింది ఓద్గెరెల్ ఒక్కదానికే. ముందు నడిచింది.

ఇసుక అప్పటికే ఎముకని సగం కప్పేసింది. చేతులతో తోశారు. దుల్మా అక్క పన్నుని ఎముకలోని కంతలో ఉంచింది. గిన్నెకి మూతలా సరిపోయింది.

"ఈ కొత్త గీతలు?"

"నా కత్తివి."

"అవి కూడా రాసుకుంటాను" అంది దుల్మా అక్క. తిట్టలేదు.

ఆమె ఎముక మీద గుడ్డ కప్పుతుంటే, నాలుగడుగుల అవతల ఇసుకలో ఓద్గెరెల్‌కి ఇంకో నల్లటి మొన కనిపించింది. చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. ఆగింది.

ఓద్గెరెల్ ఒక రాయి తెచ్చి దాని పక్కన పెట్టింది. రెండు చేతులూ నడికట్టులోకి దోపుకుంది. లోయ హూమ్మంటూనే ఉంది. ఆమె అక్కడి నుంచి కదల్లేదు.

"దుల్మా అక్కా," అని కేకేసింది, "ఇటు రా. నేను ముట్టుకోలేదు!"