జూరీని పుచ్చుకున్న అమ్మాయి

"గుర్రాల పక్కన డప్పులు పెట్టించిన మహానుభావులెవరు?" అని అరిచాడు మాజెన్.

"నేనే," అంది లమీస్, చెవి దగ్గర ఫోను తియ్యకుండానే. "డప్పులు లేకపోతే జనం రారు. జనం రాకపోతే డబ్బు రాదు. డబ్బు రాకపోతే పిల్లల ఆసుపత్రికి డయాలిసిస్ మెషిన్ రాదు. ఇంకేమైనా ఉందా?"

"ఉంది. మెషిన్ వచ్చేలోపు గుర్రాలు పారిపోతాయి."

"మీరు పెంచేవి గుర్రాలా, కుందేళ్లా?"

మాజెన్ పళ్లు నూరుకున్నాడు. బేరూత్ గుర్రప్పందేల మైదానంలో పొద్దుటి నుంచీ ఇదే వరస. గుర్రాలు నడిచే దారికి అడ్డంగా బెలూన్ల ద్వారం కట్టించింది. గడ్డివాము పక్కన కబాబుల పొయ్యి పెట్టించింది. అడిగితే, చందాల దినం ఏడాదికి ఒక్కసారేగా అంటుంది. ఆ ఒక్కసారి అయ్యేసరికి తన జుట్టు నెరిసేలా ఉందని అతని బాధ.

డప్పులవాళ్ల పెద్దాయన మాత్రం ఎవరూ చెప్పకుండానే తన మనుషుల్ని పైన్ చెట్ల అవతలికి తీసుకెళ్లాడు. మాజెన్ అతనికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

అప్పుడే మామయ్య అబూ గస్సాన్ జూరీని బయటికి నడిపించుకొచ్చాడు. ఎర్రటి ఆడగుర్రం, నుదుట తెల్లటి చుక్క. పేరుకి మామయ్యదే. కానీ పుట్టగానే తల్లి చనిపోతే సీసాతో పాలు పట్టి పెంచింది మాజెన్. ఇవాళే దాని ఆఖరి పరుగు. ఇక పిల్లల్ని కనడానికి ఇంటి దగ్గరే ఉంచుకుంటారు.

లమీస్ ఫోన్లో ఎవరినో జనరేటర్ గురించి చీవాట్లు పెడుతూ గుర్రాన్ని చూసి ఆగిపోయింది. "అబ్బ! ఎంత బాగుంది బాబాయ్ గారూ!"

"నీదే అనుకో తల్లీ, తీసుకెళ్లు," అన్నాడు అబూ గస్సాన్, చెయ్యి గుండెల మీద పెట్టుకుని.

ఎవరైనా అనే మాటే అది. కాఫీ కప్పు మెచ్చుకున్నా అంటారు, కారు మెచ్చుకున్నా అంటారు. అవతలివాళ్లు వెంటనే, "అది మీ దగ్గరుంటేనే అందం," అంటారు. అక్కడితో సరి.

"చాలా థాంక్స్ బాబాయ్ గారూ, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి," అని లమీస్ మళ్లీ జనరేటర్ మీద పడింది.

వెనకాల మైకు పట్టుకుని, ప్రకటనలు చేసే తోనీ ఉన్నాడు. అరక్షణం కూడా ఆలోచించలేదు. "సోదర సోదరీమణులారా! మన అబూ గస్సాన్ గారు జూరీని మన చందాకు దానం చేశారు! సాయంత్రం లాటరీలో మొదటి బహుమతి ఇదే!"

గ్యాలరీ అంతా లేచి చప్పట్లు కొట్టింది. అబూ గస్సాన్ మీసం ఒక్కసారి వణికింది. తర్వాత తల పైకెత్తి, జనానికి చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి ఊపడంతో జూరీ చేజారిపోయిందని మాజెన్‌కి అర్థమైంది.

లమీస్‌ని గుర్రపుశాల వెనక్కి పిలిచాడు.

"థాంక్స్ అంటారా? ఎవరైనా థాంక్స్ అంటారా?"

"దేనికి?"

"'తీసుకెళ్లు' అంటే! మీ ఇంట్లో మీకు ఎవరూ ఏమీ నేర్పలేదా?"

ఆమె నుదురు కొట్టుకుంది. "అయ్యో. నేను జనరేటర్ వాడితో... థాంక్స్ అన్నానా?"

"దేవుడు చల్లగా చూడాలని కూడా అన్నారు!"

"ఇప్పుడే మైకులో చెప్పేస్తాను, పొరపాటైందని."

"చెప్పి? ఇచ్చిన గుర్రాన్ని అబూ గస్సాన్ వెనక్కి లాక్కున్నాడని ఊరంతా అనుకోవాలా? గుర్రం పోయినా ఆయన బతుకుతాడు. ఆ మాట పడితే మంచం పడతాడు."

"మరి ఏం చెయ్యమంటారు?"

"నన్నడుగుతారేంటి? అన్నీ చేసేది మీరేగా!" అన్నాడు. మొహం అటు తిప్పుకున్నాడు.

లమీస్ ఫోను మోగింది. ఆమె తియ్యలేదు. పొద్దుటి నుంచి అదే మొదటిసారి.

సన్నగా చినుకులు మొదలయ్యాయి. జూరీ మూడో స్థానంలో వచ్చింది. మామూలుగానైతే మాజెన్ గంతులేసేవాడు. ఇవాళ పగ్గం పట్టుకుని, దాని తడి మెడకు చెంప ఆనించి నిలబడ్డాడు. ఏ చేతిలోకి వెళ్తుందో! పెళ్లి ఊరేగింపులకు అద్దెకిచ్చేవాడికి తగిలితే? కాఫీ అమ్మే ముసలాయన ఏమీ అడగకుండా ఒక కప్పు అతని చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఇక లాటరీ తియ్యాల్సిన వేళకి లమీస్ తోనీ చేతిలోంచి మైకు లాక్కుంది.

"ఒక్క నిమిషం. ఇందాక ఒక తప్పు జరిగింది. తోనీది కాదు, నాది. అబూ గస్సాన్ గారు జూరీని లాటరీకి ఇవ్వలేదు. నాకిచ్చారు. నేను పుచ్చుకున్నాను. ఆయన అన్న మాట నిలబెట్టుకున్నారు. కాబట్టి గుర్రం నాది."

గ్యాలరీ గుసగుసలాడింది. "సిగ్గు లేకపోతే సరి!" అని ఎవరో ఆవిడ పైకే అంది.

"మరి మా లాటరీ?" అని అరిచారు వెనక నుంచి.

"జూరీకి పుట్టబోయే మొదటి పిల్లకి పేరు పెట్టే హక్కు, గెలిచినవాళ్లకి! ఏ పేరైనా సరే. ఆ పేరుతోనే ఈ మైదానంలో పరిగెడుతుంది."

"మా అత్తగారి పేరు పెట్టొచ్చా?"

"నిక్షేపంగా!"

నవ్వులు చెలరేగాయి. టిక్కెట్ల బల్ల దగ్గర కోడళ్లందరూ ఒకరినొకరు తోసుకోవడం మొదలుపెట్టారు.

మాజెన్ ఆ తోపులాట కేసి చూడలేదు. గొడుగు కూడా లేకుండా తనవైపు నడిచి వస్తున్న లమీస్‌ని చూస్తున్నాడు. తనింత కోపంలో ఉన్నా ఈ అమ్మాయి ఎందుకింత బాగుందో అతనికి అంతుబట్టలేదు. అది మరీ చిరాకు.

"రేపు ఊరంతా మిమ్మల్ని ఏమంటుందో తెలుసా?"

"తెలుసు. చందాల పేరు చెప్పి ముసలాయన గుర్రాన్ని కొట్టేసిన పిల్ల అంటుంది. మా అమ్మకి అప్పుడే ఫోన్లు మొదలయ్యాయి."

"తెలిసే చేశారా?"

"ఏదో ఒక పరువు పోవాలిగా. నాదైతే చిన్నది, తొందరగా మళ్లీ మొలుస్తుంది."

మాజెన్ ఒక మంచి మాట కోసం వెతుక్కున్నాడు. తిట్టడం అలవాటైన నోరు మరి.

"గుర్రాన్ని ఎక్కడ పెడతారు?" అన్నాడు చివరికి, కరుకుగానే.

"మాది నాలుగో అంతస్తు. కరెంటుంటేనే లిఫ్టు. అందుకని మీ దగ్గరే ఉంటుంది. నేను అప్పుడప్పుడూ వచ్చి చూసుకుంటాను."

"అప్పుడప్పుడూ కుదరదు. గుర్రం మనిషిని మరిచిపోతుంది."

"అయితే ఎప్పుడు రమ్మంటారు?"

"పొద్దున్నే. రోజూ."

లమీస్ కళ్లు చికిలించింది. "ఇది జూరీ అడుగుతోందా, మీరా?"

"జూరీకి మాటలు రావు కాబట్టి..." అతను గింజుకున్నాడు. "నేనే. నేనే అడుగుతున్నాను! చాలా? పొద్దుటి నుంచి నా ప్రాణం తోడేస్తున్నారు. రేపు తోడెయ్యడానికి మీరు రారంటే ఏం చెయ్యాలో తెలియడం లేదు!"

చినుకుల్లో ఆమె నవ్వింది. పగ్గం అందుకుంది. దాన్ని పట్టుకోవడం కూడా తప్పుగానే పట్టుకుంది. మాజెన్ ఆమె వేళ్లు సరిచేశాడు. సరయ్యాక కూడా చెయ్యి తియ్యలేదు.

వెనకాల దగ్గు వినిపించింది. అబూ గస్సాన్ ఎప్పటి నుంచి నిలబడ్డాడో!

"అమ్మాయీ," అన్నాడు, మీసం దువ్వుకుంటూ. "జూరీతో పాటు వీణ్ణి కూడా చూసుకోవాలి. విడదీస్తే రెండూ మేత మానేస్తాయి."

"మామయ్యా!"

"మరి ఈయన ఏం తింటారు బాబాయ్ గారూ?"

"తిట్లు," అన్నాడు అబూ గస్సాన్. "రెండు పూటలా కడుపునిండా పెట్టు."