ఊపిరి తోడు

ఇందుమతి ఊపిరి పీల్చింది. విశాఖపట్నంలో వేలమంది ఆమెతోపాటే పీల్చారు. సిగ్నల్ దగ్గర ఇరుక్కున్న ఆటోవాళ్లు, బీచ్ రోడ్డులో నడిచే రిటైర్డ్ ఉద్యోగులు, పరీక్ష హాల్లో పిల్లలు, అందరి పొట్టలూ ఒక్కసారే ఉబ్బి ఒక్కసారే తగ్గాయి. ఊరికి కొత్తవాళ్లు చూసి హడలిపోయేవారు గానీ, ఊరికి అలవాటైపోయింది.

యంత్రం చూస్తే ఇంతే. పక్కటెముకల కింద కట్టుకునే బెల్టు, పేరు ‘ఊపిరి తోడు’. ఛాతీకీ పొట్టకీ మధ్య డయాఫ్రమ్ అనే కండరం ఉంటుంది. అది దిగితే ఊపిరి లోపలికి, లేస్తే బయటికి. బెల్టు చిన్న కరెంటుతో దాన్ని తడుతుంది. ఎప్పుడు తట్టాలో డ్యూటీలో ఉన్న యోగా టీచరు ఇందుమతి ఛాతీమీది సెన్సర్ చెబుతుంది. ఊపిరిని లొంగదీస్తే మనసు దాని వెనకే వస్తుందని యోగా నేర్పేవాళ్లు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నదే. డాక్టర్ పరంజ్యోతి ఆ మాటకి బ్యాటరీ తగిలించాడు. కూర్చుని ప్రాణాయామం నేర్చుకునే ఓపిక ఎవరికుంది కనక!

రికార్డు చేసి పంపొచ్చు కదా అని మీరడగొచ్చు. ఆయనా అలాగే మొదలుపెట్టాడు. కొన్నాళ్లకి ఫ్యాను చప్పుడులా అలవాటైపోయి శరీరాలు దాన్ని లెక్కచెయ్యడం మానేశాయి. బతికున్న మనిషి ఊపిరే కావలసివచ్చింది.

చిక్కల్లా అక్కడే. ఒకసారి డ్యూటీలో ఉప్మా తింటుంటే మిరపకాయ ముక్క అడ్డంపడి ఇందుమతికి పొలమారింది. ఊరందరికీ పొలమారింది. ఎవరు తలుచుకుంటున్నారబ్బా అని ఇంటింటా నెత్తిమీద తట్టుకున్నారు. జనం నవ్వుకున్నారు, పరంజ్యోతి నవ్వలేదు.

“ఇందుమతి గారూ, మిమ్మల్ని నమ్ముకున్నవాళ్లలో గుండెజబ్బువాళ్లున్నారు. డ్యూటీలో తినకండి, నవ్వకండి, ఉలిక్కిపడకండి.”

ఆమె మాట పడే మనిషి కాదు. ఉలిక్కిపడకుండా ఉండడం కూడా సాధన చేసింది. చెవి పక్కన టపాసు పేలినా ఊపిరి చెదరనంత సాధన.

అందుకే ఆవేళ డ్యూటీ గది అద్దాల తలుపు అవతల తమ్ముడు సూరిబాబు వచ్చి, అద్దానికి తల ఆనించి, అలాగే నేలమీదికి జారిపోయినప్పుడు కూడా చెదరలేదు. ఆసుపత్రిలో ఉన్న రాజ్యక్క పోయిందని ఆమెకు అర్థమైంది. అమ్మానాన్నా లేని ఇంట్లో, పెళ్లి మానుకుని, జాకెట్లు కుట్టి ఇద్దర్నీ పెంచిన మనిషి. కోపమొస్తే గరిటె విసిరేది, ఆ వెంటనే పిలిచి నోట్లో ముద్ద పెట్టేది. ఇందుమతి ఊపిరి పీల్చింది, నిలిపింది, మెల్లగా వదిలింది. మారు టీచరు వచ్చేదాకా ఊళ్లో ఒక్కరి ఊపిరీ తడబడలేదు.

ఆ తర్వాత ఆమెకు ఏడుపు రాలేదు. శ్మశానంలో రాలేదు, కర్మల నాడు రాలేదు. రాతిగుండె అని ఇరుగుపొరుగు చెవులు కొరుక్కున్నారు. అక్క ఫొటో ముందు కూర్చుంటే అన్నీ గుర్తొచ్చేవి గానీ, ఒళ్లంతా తిమ్మిరెక్కిన కాలులా ఉండేది. ఇలా అయిపోయినందుకు భయపడాలని తెలిసేది, ఆ భయమూ వచ్చేది కాదు.

చివరికి పరంజ్యోతి దగ్గరికే వెళ్లింది.

“నాకు ఏడుపు రావట్లేదండీ.”

“సంతోషించాల్సిన మాటే కదండీ!”

“మా అక్క పోయింది డాక్టర్ గారూ. దానికోసం ఒక్కసారైనా ఏడవకపోతే నేను మనిషినెలా అవుతాను?”

ఆయన చెడ్డవాడు కాదు. ఆలోచించాడు.

“మీ తమ్ముడు ఏడుస్తున్నాడా?”

“కంచం ముందు కూర్చున్నా ఏడుస్తున్నాడు.”

“అయితే తీసుకురండి. ల్యాబులో జంట బెల్టులున్నాయి. ఇద్దరూ కట్టుకుంటే ఎవరి ఊపిరి బలంగా ఉంటే రెండోవాళ్లది దాని వెంట నడుస్తుంది. అతని వెక్కిళ్లు మీకందితే కన్నీళ్లూ వస్తాయి.”

సూరిబాబు బెల్టు చూసి ముఖం చిట్లించాడు.

“ఇదేటక్కా, ఏడవడానిక్కూడా మిషనేటి?”

“నాకోసం కట్టుకోరా.”

కట్టుకున్నాడు. “ఆకర్ని నిన్నే అడిగిందక్కా,” అన్నాడు. “డూటీలో ఉందన్నాను. పోన్లేరా, పిలవకు, ఊరందరి ఊపిరీ దాని సేతుల్లో ఉంది కదా అంది.”

అంటూనే భోరుమన్నాడు. ఆ వెక్కు వచ్చి ఇందుమతి డొక్కల్లో తగిలింది. ఇంకోటి తగిలింది. కళ్ల వెనక వేడిగా ఏదో కదిలింది. వస్తోంది, వస్తోంది అనుకుంది ఆశగా.

కానీ ఇన్నేళ్లుగా ఆ ఒంటికి నేర్పింది ఒక్కటే. ఊపిరి తడబడితే సరిదిద్దుకోవడం. ఆమె వద్దనుకుంటూనే ఉంది, ఒళ్లు దానిపాటికది దిద్దుకుంది. పొడుగ్గా ఒక ఊపిరి వదిలింది. సూరిబాబు వెక్కు మధ్యలో తెగిపోయింది. అతనూ ఆమెతోపాటే పీల్చాడు, నిలిపాడు, వదిలాడు. ముఖంలో ముడతలు ఒక్కొక్కటే విడిపోయాయి.

“తీసెయ్యండి డాక్టర్ గారూ, నా ఊపిరే వాడికెక్కుతోంది!”

“ఒక్క నిమిషం, ఒక్క నిమిషం,” అన్నాడు పరంజ్యోతి స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండా. “దుఃఖం మీద కూడా పనిచేస్తోందండీ!”

బెల్టులు తీశాక సూరిబాబు చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. ఫోన్లో రాజ్యక్క ఫొటో తీసి చూశాడు, దగ్గరగా పెట్టుకుని మళ్లీ చూశాడు.

“ఏటక్కా, ఏటీ అనిపించట్లేదు,” అన్నాడు మామూలుగా.

రాజ్యక్క కోసం ఏడ్చేవాడు లోకంలో వీడొక్కడే. ఆ ఒక్కణ్ణీ తనే ఆపేసింది. ఇందుమతికి ఆ సంగతి స్పష్టంగా తెలిసింది. ఇప్పుడైనా గుండె పగులుతుందేమోనని కాసేపు చూసింది.

“ఆకలేస్తంది,” అన్నాడు సూరిబాబు. “కింద క్యాంటీన్లో ఏటైనా తిందామా?”

“పద,” అంది ఇందుమతి.