పాచి పట్టిన స్పాంజి

హిమజ మూడు దుకాణాలు తిరిగి, పంపు గొట్టానికి కావలసిన జాయింటు పట్టుకుని ఇంటికొచ్చేసరికి, స్పాంజిలు పెరట్లో తీగ మీద మల్లెపువ్వుల్లా ఆరుతున్నాయి.

"బ్లీచింగ్ వేసి ఉతికానే. నాలుగు నెలల పాచి, చెయ్యి పెడితే జిగురు," అంది వాళ్లమ్మ సుభద్రమ్మ, కొంగుతో చేతులు తుడుచుకుంటూ.

హిమజ మెట్టు మీద కూలబడింది.

ఆ కాలానికి కాకినాడలో కిడ్నీలు పాడైనవాళ్ల ఇళ్లలో, హాలులోనే ఆరడుగుల చేపల తొట్టి ఉండేది. డాక్టర్ సలీమా కనిపెట్టిన ఏర్పాటది. రోగి రక్తం ఒక సన్నటి పొర వెంట పారి మళ్లీ ఒంట్లోకే వెళ్లిపోతుంది. అందులోని అమోనియా లాంటి విషం మాత్రం పొర దాటి తొట్టి నీళ్లలో కలుస్తుంది. ఆ నీళ్లు పైనుంచి పొర్లి, గొట్టం గుండా సంప్‌లోకి దిగుతాయి. సంప్ అంటే మనం నేలలో తవ్వించేది కాదు, తొట్టి కింద బల్లలో ఇమిడే పెట్టె. దానిలోని స్పాంజిల్లో కాపురముండే బాక్టీరియా అమోనియాని తినేస్తుంది. పంపు ఆ నీళ్లని మళ్లీ పైకి తోస్తుంది. మనం పాచి అని మొహం చిట్లించేదే అక్కడ కిడ్నీ.

కంపెనీ సంప్ కావాలంటే ఏడాది ఆగాలి. అన్నయ్య భాస్కర్‌కి అంత వ్యవధి లేదు. అందుకని కాలేజీ గడప తొక్కని హిమజ వీడియోలు చూసి, ప్లాస్టిక్ బియ్యం డబ్బా కోసి, పీవీసీ గొట్టాలు అతికించి, సంప్ తనే కట్టేసింది. నాలుగు నెలలు బంగారంలా నడిచింది. ఈ పొద్దున జాయింటు కారుతుంటే విప్పి, స్పాంజిలు తొట్టి నీళ్లతోనే బకెట్‌లో వేసి బజారుకెళ్లింది. ముట్టుకోవద్దని అమ్మకి ఒక్క ముక్క చెప్పి వెళ్లినా సరిపోయేది.

జాయింటు బిగించి, పంపు నడిపించి, డాక్టరుకి ఫోన్ చేసింది.

"కొత్త బాక్టీరియా ఎదగాలంటే ఐదు వారాలు," అంది సలీమా.

"మా అన్నయ్యకి ఎన్నాళ్లుంది మేడమ్?"

"రెండు రోజులు."

"ఆస్పత్రిలో పాత డయాలిసిస్ మిషన్ ఒక్కటైనా..."

"నా తొట్లు వచ్చాక అవన్నీ తుక్కుకి పోయాయమ్మా." అంది సలీమా. "నడుస్తున్న తొట్టిలోంచి పాత స్పాంజి ఒకటి తే. ఎంత మురికిగా ఉంటే అంత మంచిది."

కిడ్నీ తొట్టి ఉన్న ఇళ్లకి ఫోన్లు చేసింది. "మా ఆయన ప్రాణం అందులో ఉందమ్మా, ముక్క కూడా కొయ్యలేం," అన్నారొకావిడ. మిగతావాళ్లూ అదే మాట. రంగుచేపల షాపాయనకైతే కోపమే వచ్చింది. "మా దగ్గర మురికేంటండీ? వారం వారం వేడినీళ్లతో కడిగిస్తాం. ఎవరు చెప్పారు మీకు?"

మధ్యాహ్నానికి అమోనియా పరీక్ష చేస్తే నీళ్లు ముదురాకుపచ్చకి తిరిగాయి, అంటే విషం పేరుకుంటోందన్నమాట. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. భాస్కర్ మొహం ఉబ్బింది.

"ఊళ్లో మురిక్కి కూడా కరువొచ్చిందటే?" అన్నాడు కళ్లు మూసుకునే. నవ్వబోయి సగంలోనే ఆగిపోయాడు.

అప్పుడు గుర్తొచ్చింది భాస్కర్ భార్య, ఇందుమతి వదిన. ఆరేళ్లు ఆవిడ తోమిన గిన్నెలన్నీ అమ్మ మళ్లీ తోమింది. రెండేళ్ల కిందట ఇందుమతి తన గోల్డ్‌ఫిష్ తొట్టి ఒక్కటీ తీసుకుని జగన్నాథపురం వెళ్లిపోయింది.

హిమజ వెళ్లి, గుమ్మంలోనే అడిగేసింది. "వదినా, నీ తొట్టి ఫిల్టర్ ఎప్పుడైనా కడిగావా?"

ఇందుమతి మొహం బిగుసుకుంది. "తనిఖీకి పంపిందా మీ అమ్మ?"

"అన్నయ్య చచ్చిపోతాడు వదినా. కడగలేదని చెప్పు."

"...ఇక్కడికొచ్చాక ముట్టుకోలేదు."

హిమజ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని భోరుమంది.

ఇందుమతి ఆటోలో బకెట్ ఒళ్లో పెట్టుకుని తనే వచ్చింది. స్పాంజి సంప్‌లో పిండుతుంటే నీళ్లు కాఫీలా మారాయి. నల్లటి ముద్దొకటి గచ్చు మీద పడింది. సుభద్రమ్మ చెయ్యి అలవాటుగా గుడ్డ కోసం సాగి, ఆగింది. ఆవిడ వంగి, ఆ ముద్దని రెండు వేళ్లతో ఎత్తి, సంప్‌లో వేసింది.

సాయంత్రానికి పరీక్షలో ఆకుపచ్చ పల్చబడింది. మర్నాటికి పసుపులోకి దిగింది. భాస్కర్ మజ్జిగ అడిగి తాగాడు. ఒక్క స్పాంజి చాలదని, పది రోజులపాటు రోజుకొకటి కలపమని చెప్పింది సలీమా.

సుభద్రమ్మే ఫోన్ చేసింది. "రేపు ఇంకోటి తెస్తావా ఇందూ?"

"ఇస్తాను అత్తయ్యా. మీరొచ్చి పట్టికెళ్లండి," అంది ఇందుమతి. "మీరొస్తున్నారని మాత్రం ఇల్లు ఊడ్చి ఉంచను."