బొంతబండి మీద ఆఖరి దెబ్బ

"కొట్టండి మేడమ్. ఇంట్లో ఎలా కొడతారో అలాగే," అన్నాడు డాక్టర్ కమలాకర్.

బల్ల మీద జానెడు కొత్త రేకు ఉంది. మెహరున్ సుత్తి అందుకుంది. షెడ్డు గుమ్మంలో వీధివాళ్ళు పదిమంది నిలబడి చూస్తున్నారు. నలుగురి ముందు కదా అని సుత్తిని కుడిచేతిలోకి మార్చుకుని ఇరవై దెబ్బలు కొట్టింది. డాక్టర్ ఆ రేకుని తన యంత్రం కింద పెట్టాడు. యంత్రం కీచుమని ఒక్క కూత కూసి, "హస్తం నమోదైంది. మెహరున్," అని చెప్పింది.

"నోరు కూడా ఉందే దీనికి!" అన్నాడు ప్లాస్టిక్ కుర్చీలోంచి సాంబయ్య. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఒకప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో లారీలకి రంగులేసి, వాటి వెనక అక్షరాలు రాసిన పెయింటర్.

బయట వీధిలో డ్రైవర్ లేని లారీ ఒకటి ఆగి ఉంది. పది నిమిషాలకోసారి అది మహా మర్యాదగా, "మీ పాత వాహనాన్ని అప్పగించి నగర భద్రతకు సహకరించండి. తొందరేమీ లేదు," అంటోంది. సాయంత్రం ఐదింటి దాకా దానికి తొందర లేదు. ఐదింటికల్లా డాక్టర్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే మాత్రం షెడ్డులో ఉన్న బొంతబండిని ఎత్తుకుని కొలిమికి పట్టుకుపోతుంది.

బొంతబండి అన్న పేరు మెహరున్ తల్లి హుస్సేనమ్మ పెట్టింది. పాత చీరల ముక్కలు కలిపి బొంత కుట్టినట్టు, చచ్చిన తొమ్మిది కార్ల ముక్కలు కలిపి ఇంటి పెరట్లోనే కట్టిన కారు అది. బానెట్ ఒక అంబాసిడర్‌ది. తలుపులు ఒక పద్మిని కారువి. ఛాసిస్ ఏదో జీపుది. వెనక సీటు సిటీబస్సులోది. వీటన్నిటినీ ఒక్క ఒంపులోకి తెచ్చి, చూసినవాళ్ళు ఇది ఏ దేశం బండి అని అడిగేలా తయారుచేసిన ఘనత దస్తగిరిదని లోకం అనుకుంది. దస్తగిరి మెహరున్ తండ్రి, ఆటోనగర్‌లో పేరున్న టింకరింగ్ మేస్త్రి. పగలు షాపులో ఊళ్ళోవాళ్ళ బళ్ళ సొట్టలు తీసేవాడు. ఈ బండి మాత్రం అమ్మడానికి కాదు, సొంత ముచ్చట. బానెట్ లోపలివైపు 'దస్తగిరి తయారీ' అని ఎర్రరంగుతో రాసింది సాంబయ్యే.

ఆ బండిలో ఆదివారం పూట బ్యారేజీ మీదికి వెళ్ళడం మెహరున్‌కి ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. అద్దాలు దింపితే కృష్ణ మీది గాలి మొహాన కొట్టేది. వెనక సీట్లో తను, ముందు అమ్మ, అమ్మ ఒళ్ళో ఉడికించిన శనగల సత్తుగిన్నె. బండి గతుకులో పడితే గిన్నె మూత గల్లుమనేది. నాన్న గేరు మార్చినప్పుడల్లా బండి ఒకసారి దగ్గి, తర్వాత పాట అందుకునేది.

ఇప్పుడా నగరంలో గేర్లు లేవు. స్టీరింగులు లేవు. చేత్తో బండి నడపడం నేరమై పన్నెండేళ్ళయింది. రోడ్ల మీద ఒకే ఆకారం, ఒకే రంగు గాజుబండ్లు వాటంతటవే తిరుగుతుంటాయి. సొట్ట పడితే తీసేవాడు లేడు, తీయించేవాడూ లేడు. బండినే కరిగించి మళ్ళీ పోస్తారు. ఆటోనగర్‌లో సుత్తుల చప్పుడు ఆగిపోయింది. ఆ వీధులు ప్రశాంతంగా ఉన్నాయని పత్రికలు రాశాయి. పనిలేని వీధి ప్రశాంతంగా కాక ఎలా ఉంటుంది? లక్ష చేతుల్ని అనవసరం చేసి, ఆ నిశ్శబ్దానికి ప్రగతి అని పేరు పెట్టారు.

ఊరుకోనిది ఇళ్ళల్లో పాత బళ్ళు బాగుచేసుకునే సరదా మనుషులే. 'దున్నేవాడిదే భూమి' అని తాతల నాటి నినాదాన్ని అరువు తెచ్చుకుని, 'కొట్టినవాడిదే బండి' అని కలెక్టరాఫీసు ముందు మూడు నెలలు అరిచారు. ప్రభుత్వం విసిగిపోయి ఒక నియమం పెట్టింది. బండి ఆకారంలో అరవై శాతం ఒకే మనిషి చేతిమీదుగా వచ్చిందని రుజువైతే దాన్ని కళాఖండంగా గుర్తిస్తారు. కొలిమి తప్పుతుంది. ఏడాదికి పన్నెండు ఆదివారాలు రోడ్డెక్కవచ్చు కూడా. రుజువు చెయ్యాల్సింది ఈ యంత్రం.

దాని అసలు పేరు మెటల్ ఎకో రీడర్. సాంబయ్య దానికి చెవిపెట్టె అని పేరు పెట్టాడు.

"వంతెనల్లో పగుళ్ళు కనిపెడదామని తయారుచేశానండీ," అని డాక్టర్ కమలాకర్ గుమ్మంలోవాళ్ళకి వివరిస్తున్నాడు. "రేకు మీద సుత్తి పడినచోట లోహం గట్టిపడుతుంది. మీరు సొట్ట తీసేసినా, రంగేసినా లోపల ఆ గట్టిదనం పోదు. ఇది రేకులోకి శబ్దం పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని వింటుంది. ఏ దెబ్బ ముందు, ఏది వెనక, ఎంత బలం, ఏ వైపు వాలు... అన్నీ తెలుస్తాయి. ముందు దెబ్బ వేడి ఆరకముందే రెండోది పడిందా, ఆరాక పడిందా అన్నదాన్నిబట్టి మధ్యలో ఎంత ఆగారో కూడా చెబుతుంది. దెబ్బ వయసు చెబుతుంది. ఏ రెండు చేతులూ ఒకేలా కొట్టవు. వేలిముద్ర లాంటిదే ఇదీను."

"అయితే మా ఆవిడ నా నెత్తిన పెట్టిన మొట్టికాయలు కూడా చెబుతుందా బాబూ?"

"అది లోహం మీదే పనిచేస్తుందండీ."

"నా తల చూసి చెప్పు ఆ మాట," అన్నాడు సాంబయ్య.

అందరూ నవ్వారు. మెహరున్ నవ్వలేదు. ఆమె కళ్ళు గోడ గడియారం మీద ఉన్నాయి. వాటర్ వర్క్స్‌లో మీటర్లు బాగుచేసే ఉద్యోగం ఆమెది. తల్లి పోయి పదకొండేళ్ళు, తండ్రి పోయి తొమ్మిదేళ్ళు. ఆయన పోయిన మరుసటేడు ఈ బండి మీద టార్పాలిన్ తీసింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం షెడ్డు తలుపేసుకుని ఒక్కతే పని. తుప్పు గీకింది. కుంగిన రేకులు లేపింది. దొరకని ముక్కలు తనే కొట్టి అతికింది. ఎనిమిదేళ్ళ ఆదివారాలు ఆ బండిలో ఉన్నాయి.

యంత్రం బండి ఒళ్ళంతా తడిమి మూడున్నరకి పని ముగించింది. తండ్రి చేతి నమూనాగా ఆయన కొట్టిన షాపు బోర్డు ఇచ్చి ఉంచారు.

"కంపెనీ ప్రెస్సుల అచ్చు: పదమూడు శాతం," అంది యంత్రం. "దస్తగిరి: ఇరవై రెండు శాతం. మెహరున్: నాలుగు శాతం."

మెహరున్‌కి ముందు తండ్రి అంకె తగల్లేదు, తన అంకె తగిలింది. నాలుగా? ఎనిమిదేళ్ళు కలిపి నాలుగా?

"మిగతాది?" అంది.

"అరవై ఒక శాతం ఒకే చెయ్యి. ఎడమచేతి వాటం. ఎవరో తెలియదు," అన్నాడు డాక్టర్ తెర మీదికి వంగి. "వీటిలో కొన్ని దెబ్బల వయసు మరీ తక్కువ చూపిస్తోంది. పాత రంగు గీకినప్పుడు లోహానికి కొత్తగాలి తగిలితే అలా చూపిస్తుంది లెండి. అది కాదు సమస్య. ఆ మనిషెవరో చెప్పాలి మేడమ్. నమూనా చూపించాలి. లేకపోతే నేనేం చెయ్యలేను."

"వినిపించండి," అంది మెహరున్.

ఆయన మీట నొక్కాడు.

టక్, టక్, టక్. ఒక ఊపిరి. టక్, టక్, టక్. ఒక ఊపిరి.

మెహరున్ బండి మీద చెయ్యి ఆనించింది. తనప్పుడు ఎనిమిదేళ్ళ పిల్ల. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం. తలుపు వేసి ఉంది. రేకు వెనక దెబ్బకి ఆనుగా డాలీ అనే ఇనప దిమ్మ పట్టుకుని తను, ముందు కొంగు దోపుకుని అమ్మ. బయట ఎడమచేత్తో మంచినీళ్ళ గ్లాసు అందుకున్నా అత్తగారి చేత మాటలు పడ్డ మనిషి, ఆ తలుపు వెనక మాత్రం ఎడమచేత్తో సుత్తి ఎత్తేది. మూడు దెబ్బలు, ఒక ఊపిరి. ఏం చేస్తున్నావమ్మా అని అడిగితే, "ఏముందే, మీ నాన్న తెచ్చిన రేకు సాపు చేస్తన్నా," అనేది.

సాపు. ఆ చిన్నమాట కింద ఇంత పని దాక్కుందా!

"నాకు తెలుసే అమ్మాయ్," అన్నాడు సాంబయ్య నేలచూపులు చూస్తూ. "అతుకులు దస్తగిరివి, ఒంపులన్నీ మా వదినవి. బానెట్ మీద పేరు రాసేప్పుడు అడిగా. వదినా, నీ పేరు కూడా రాయనా అని. 'సాపు చేసినదానికి పేరేంటయ్యా' అని నవ్వింది. నేనూ నవ్వి బ్రష్షు కడిగేసుకున్నా."

"ఇన్నేళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదేంటి బాబాయ్?"

"ఎవరు అడిగారే?"

మెహరున్ ఇంట్లోకి పరిగెత్తి సత్తుగిన్నె తెచ్చింది. శనగల గిన్నె. ఒకసారి బండిలోంచి రోడ్డు మీద పడి సొట్టపోతే, దాన్ని అమ్మే తన చేత్తో సరిచేసుకుంది. ఇంకెవరూ దాని మీద సుత్తి వెయ్యలేదు.

యంత్రం గిన్నెని విన్నది. "హస్తం సరిపోయింది. హుస్సేనమ్మ: అరవై ఒక శాతం."

వీధిలో చప్పట్లు మోగాయి. లారీ, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం," అని చెప్పి ఖాళీగా వెళ్ళిపోయింది. చూడ్డానికి ఇంకేం లేక జనం కూడా ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళారు.

శబ్దం ఇంకా నడుస్తూనే ఉంది. డాక్టర్ ఆపబోతూ ఆగాడు. "ఇదొకటి వింతగా ఉంది. ప్రతి రేకు పూర్తయ్యాక చాలాసేపు ఆగి, లోపలివైపు చిన్న దెబ్బ ఒకటి వేశారు. బాగున్న రేకుని చేతులారా చెడగొట్టినట్టు."

"అది దిష్టి దెబ్బ బాబూ," అన్నాడు సాంబయ్య. "మరీ నున్నగా కుదిరితే దిష్టి తగులుద్దని, కనపడనిచోట చిన్న సొట్ట పెట్టేది. పసిపిల్లకి బుగ్గన చుక్క పెట్టినట్టు."

ఎనిమిదేళ్ళుగా ఆ చిన్న సొట్టలు మెహరున్‌కి కనపడుతూనే ఉన్నాయి. నాన్న ఏమరుపాటు అనుకుంది. లెక్కపెట్టి మరీ పంతొమ్మిదింటినీ అద్దంలా చదును చేసేసింది. తల్లి పెట్టిన చుక్కలన్నీ తనే తుడిచేసింది.

డాక్టర్ సీలు తీశాడు. గోరంత లోహపు బిళ్ళ. "ఇది అతికాక బండి మీద ఇక ఎవ్వరూ సుత్తి వెయ్యకూడదు మేడమ్. వేస్తే ఇదే లారీని పిలుస్తుంది. కళాఖండం కదా, ఎలా ఉందో అలాగే ఉంచాలి."

"అంటే నా ఆదివారాలు..."

"పన్నెండు ఆదివారాలు నడుపుకోవచ్చుగా."

"నడపడం కోసం కాదు సార్ నేను చేసింది," అంది మెహరున్. బండి దక్కింది. బండితో పని పోయింది. కొట్టినవాళ్ళకే బండి అని పోట్లాడి తెచ్చుకున్న నియమం, ఇక కొట్టే వీలు లేదంటోంది. "సీలు వెయ్యకముందు ఒక్క దెబ్బ వేసుకోనివ్వండి. ఒక్కటి."

ఆయన గడియారం చూసి తలూపాడు.

బానెట్ ఎత్తింది. ఎర్ర అక్షరాల కింద, మూలన, తను చదును చేసినచోటు వేలితో వెతికింది. ఇప్పుడు చూసేవాళ్ళెవరూ లేరు, డాక్టరూ బాబాయీ తప్ప. సుత్తి తీసుకుంది. ఊపిరి పట్టి, చిన్నగా ఒక్కటి వేసింది.

"ఏమే, మరి పొద్దున కుడిచేత్తో కొట్టావేం?" అన్నాడు సాంబయ్య.

మెహరున్ తన ఎడమచేతి వంక చూసుకుంది.

యంత్రం ఇంకా ఆపలేదు. కీచుమని ఒక కూత కూసింది. "కొత్త దెబ్బ నమోదైంది. హస్తం: హుస్సేనమ్మ. వయసు: ఒక నిమిషం."

డాక్టర్ కమలాకర్ చూపు తెర మీద ఆ వయసు తక్కువ దెబ్బల వరుసలోనే ఉండిపోయింది. కొత్తగాలి కాదు. ఆ నాలుగు శాతం ఆమె కుడిచేతిది మాత్రమే. ఆ అరవై ఒకటిలో తల్లిదెంత, కూతురిదెంత? రెండుగా చీలిస్తే ఎవరికీ అరవై రాదు. ఏ రెండు చేతులూ ఒకేలా కొట్టవన్న ఆయన మాట మీద ఇప్పటికి నాలుగువందల బళ్ళు కొలిమికి వెళ్ళాయి.

"మేడమ్," అన్నాడు, "ఎనిమిదేళ్ళుగా మీరు ఏ చేత్తో పనిచేశారు?"

మెహరున్ సుత్తి కింద పెట్టి, గుడ్డతో ఎడమచెయ్యి తుడుచుకుంది.

"పొద్దున మీ పెట్టె చెప్పిందిగా సార్. నావి నాలుగు శాతం. అదే రాసుకోండి."

ఆయన కలం కాగితం మీద ఆగి, కదిలింది. సీలు చిన్నగా టక్కుమని అతుక్కుంది. ఎర్రరంగు డబ్బా కోసం సాంబయ్య అప్పటికే అరల్లో వెతుకుతున్నాడు. డబ్బా దొరికాక దస్తగిరి పేరు పక్కన హుస్సేనమ్మ పేరు రాశాడు. రాసి, బ్రష్షు కడక్కుండా ఆగి, తలెత్తాడు.

"నీ పేరు కూడా రాయనా అమ్మాయ్?"

మెహరున్ బానెట్ దించింది.

"సాపు చేసినదానికి పేరేంటి బాబాయ్," అంది.