లాభం నుంచి ఇరవై దాకా

"జీతం లేకుండా ఎండలో నిలబడటానికి మా ఇంట్లో ఎద్దులున్నాయి. పంపించమంటావా?"

వెనక్కి తిరిగాను. టూరింగ్ టాకీసు డేరా గుంజకు నేను అంటించిన కాగితం ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంది. చంకలో ఇత్తడి కుంచం, కళ్ళలో నవ్వు.

కాగితంలో నేను రాసింది ఇంతే: "సినిమా తీయుటకు తోడు మనుషులు కావలెను. జీతము లేదు. ఎండలో నిలబడవలెను. ఇట్లు, అంకమ్మరావు, బి.ఎ."

"ఎద్దులకు చదవడం రాదుగా," అన్నాను ఉక్రోషంగా.

"చదివొచ్చినోళ్ళు మటుకు ఎవరొచ్చారు? వారం నుంచి ఉంది ఈ కాగితం."

నిజమే. నరసరావుపేట మొత్తం మీద ఒక్కరూ రాలేదు. అది నలభై ఆరు డిసెంబరు. గుంటూరులో చదువుతుండగా, దేశం విడిచి వెళ్తున్న ఒక దొర దగ్గర పాత కెమెరా, దానితో పాటు ఒకే ఒక్క ఫిల్ము చుట్ట సంపాదించాను. మా అన్న ఒకటే మాట అన్నాడు: "ఉగాదికి నీ బొమ్మ తెర మీద ఆడాల. ఆడకపోతే గుంటూరులో గుమాస్తాగా చేరాల."

"ఎద్దులు రావులే. నేనొస్తా," అంది ఆ అమ్మాయి.

పేరు సుబ్బులు. బజారులో ధాన్యం కొలిచే రోశయ్య గారి కూతురు. లోపలి నుంచి మా మాటలు విన్న మౌలాలీ కూడా బయటికి వచ్చాడు. డేరాలో ప్రొజెక్టరు నడిపేది అతనే.

"తమ్ముడూ, రోజూ ఎవరెవరి బొమ్మలో ఆడిస్తా. ఒక్కటన్నా మనది ఉండాల గదా!"

అలా ముగ్గురమయ్యాం.

కథ చిన్నది. గాలికి ఒకాయన తలపాగా ఎగిరి పత్తి బండి మీద పడుతుంది. ఆయన ఊరంతా దాని వెంట పరిగెడతాడు. పరిగెత్తేది మౌలాలీ. కెమెరాకు చేత్తో కీ ఇవ్వాలి. ఒకసారి ఇస్తే ముప్పై లెక్కపెట్టేంతసేపు తిరిగి ఆగిపోతుంది. మా చుట్టకు వచ్చేవి ఎనిమిది కీలు. కెమెరాకు కన్ను ఆనిస్తే గడియారం చూడలేను కనుక లెక్క సుబ్బులుకు అప్పగించాను.

"ఇరవై అయిదు అనగానే ఆపుతాను," అన్నాను.

"లాభం... రెండు... మూడు..." మొదలుపెట్టింది. కొలిచేవాళ్ళు ఒకటి అనరు, లాభం అంటారు. తొందర లేదు, తడబాటు లేదు. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"పందొమ్మిది... ఇరవై... లాభం... రెండు..."

నేను ఇరవై అయిదు కోసం ఎదురుచూస్తూనే ఉన్నాను. అది రాలేదు. కెమెరా మూలిగి ఆగిపోయింది. అప్పటికే మౌలాలీ ఏం చేయాలో తోచక మా వైపే చూస్తూ, "అయిపోయిందా?" అని చేత్తో అడుగుతున్నాడు.

"ఇరవై తర్వాత ఇరవై ఒకటి రాదా?" అని అరిచాను.

"ఇరవై తూములైతే పుట్టి. పుట్టి తర్వాత మళ్ళీ లాభమే. నీ బి.ఎ.లో చెప్పలా?"

"ఒక కీ మట్టిలో కలిపావు!"

సుబ్బులు కుంచం చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. మూడు రోజులు రాలేదు. నేను లెక్కపెట్టి చూశాను. తడబడ్డాను. మౌలాలీ లెక్కపెడితే పరిగెత్తేవాడు లేడు.

నాలుగో రోజు తనే వచ్చింది, ముఖం పక్కకు తిప్పుకుని. "ఇరవై కాడే ఆపు. ఒక్కో కీలో అయిదు మిగులుద్ది. పోయిన కీ అట్టా తిరిగొచ్చుద్ది."

లెక్క వేశాను. మిగిలిన ఏడు కీలకు ముప్పై అయిదు; పోయిన ముప్పై వచ్చేసింది. నాకు ఆమె ముఖం చూడాలంటే సిగ్గేసింది.

"ఏందట్టా నేల చూస్తావు? ఫిల్ము నేల మీద లేదు," అంది. నవ్వేశాం.

ఇరవై దగ్గర ఆపుతూ మౌలాలీ పరుగంతా తీశాం. అతనికి తలపాగా దొరికింది. కాస్త ఫిల్ము మిగిలింది గాని, ముగింపు తోచలేదు. అప్పుడు పత్తి బజారులోకి కర్రతో వచ్చాడు రోశయ్య గారు.

"ఏమే! కుంచం పారేసి ఈడ ఆటలా?"

ఇంకా ఏదో అనబోయాడు. పెద్ద సుడిగాలి లేచింది. ఆయన ఎర్ర తలపాగా ఎగిరి, కదులుతున్న పత్తి బండి మీద పడింది. కర్ర పారేసి ఆయన పరుగందుకున్నాడు.

సుబ్బులు నా మోచెయ్యి గిల్లింది. "తియ్యి! లాభం... రెండు..."

పదిహేడు దగ్గర పట్టుకున్నాడు. ఇరవై దగ్గర తలకు చుట్టి మా వైపు పిడికిలి ఊపాడు. ఒకరి పరుగు అయిపోగానే మరొకరిది మొదలు. అంతకంటే మంచి ముగింపు నేను రాయలేను.

కాని ఆయన దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు: "అబ్బాయ్, నలుగురిలో నా తల బోడి చేస్తావా? అది చూపించావంటే ఊళ్ళో తలెత్తుకోలేను."

"నాన్నా, ముందు నువ్వు చూడు," అంది సుబ్బులు. "వద్దంటే నేనే కత్తిరిస్తా. మాట."

ఆ ముక్క లేకపోతే మా బొమ్మకు ముగింపు లేదు. గుంటూరు నాకు కనిపిస్తూనే ఉంది.

మద్రాసులో కడిగించిన ఫిల్ము ఉగాది నాడే చేరింది. రోశయ్య గారికి విడిగా చూపించే వ్యవధి లేదు. సుబ్బులు కత్తెర కొంగున ముడేసుకుని తండ్రి పక్కన కూర్చుంది. మౌలాలీ ఒక చెయ్యి మిషను ఆపే మీట మీదే పెట్టుకున్నాడు.

సుడిగాలి ముక్కకు ముందు మౌలాలీ మిషను ఆపాడు. ఆడించాలో వద్దో ఆయనే చెప్పాలి. డేరా అంతా గోల. రోశయ్య గారు చుట్టూ చూశాడు. మౌలాలీ పరుగుకు నవ్వి నవ్వి ముసలమ్మలు కూడా కళ్ళు తుడుచుకుంటున్నారు.

"ఆడించు," అన్నాడు నెమ్మదిగా.

తెర మీద ఆయన తలపాగా ఎగిరింది. ఆయన పట్టుకోగానే డేరా గుంజలు ఊగేలా ఈలలు. "పట్టాడ్రా రోశయ్య మావ!"

ఆయన లేచి నిలబడ్డాడు. "ఒరేయ్ మౌలాలీ! ఇంకోసారి తిప్పు. నేను పట్టుకున్నది ఈ మూలోళ్ళు సరిగా చూడలా!"

మూడుసార్లు తిప్పాం. మా అన్న బయటికి వస్తూ నా భుజం తట్టాడు. "గుంటూరోళ్ళకు రాస్తాలే, గుమాస్తా రాడని."

డేరా గుంజ దగ్గర సుబ్బులు కొంగు ముడి విప్పుతోంది.

"ఇంకో బొమ్మ తీద్దామా?" అన్నాను.

"జీతం?"

"లేదు."

"ఎండ?"

"చానా."

"ఎన్నాళ్ళు నిలబడాల?"

"ఇరవై దాకా లెక్కపెట్టు. అయిపోతే మళ్ళీ మొదటి నుంచి. అట్లా నాతోనే ఉండిపో."

ఆమె విప్పిన ముడి మళ్ళీ వేసుకోసాగింది. వెనక నుంచి రోశయ్య గారు తలపాగా సర్దుకుంటూ దగ్గాడు.

"ఏమే, అబ్బాయి అడుగుతుంటే వినపడలా? మొదలుపెట్టు."

సుబ్బులు తలవంచుకుని నవ్వింది.

"లాభం," అంది.